బూడిద కాని కాగితం

మంగళగి,
జూన్ 1971

రిబ్కక్కకు,

చెల్లెలు లీయా వందనాలు. మీ వకీలు మాణిక్యప్పగారు మంచం పట్టారనీ, ఆఫీసు ఎత్తేస్తున్నారనీ బీదర్ నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. పెద్దాయనకు నెమ్మదించాలని ప్రార్థన చేస్తున్నాను. మరి నీ ఉద్యోగం ఏమవుతుంది? ఇది అడగడానికే ఉత్తరం రాస్తున్నానంటే నువ్వు నమ్మవు. చిన్నప్పటి నుంచీ నన్ను ఎరిగినదానివి, అక్కచెల్లెళ్ళ పిల్లలమైనా ఒక్క కంచంలో తిన్నాం. అందుకని అసలు సంగతికే వస్తాను.

పదేళ్ళ కింద నేను మీ ఆఫీసుకు వచ్చి నీ ఎదుట కూర్చుని చెప్పిందంతా నువ్వు తెలుగులో రాసి పెట్టావు, గుర్తుందా? ఆయన నుంచి విడిపోతానని దావా వేయడానికి వచ్చిన రోజు. అప్పుడు మేము బీదర్‌లోనే ఉండేవాళ్ళం. ఆయన పిండి గిర్నీలో పనికి పోతూ నన్ను గదిలో పెట్టి బయట తాళం వేసుకుపోయేవాడు. బగ్దల్‌లో నాన్న పోయాడని మనుషులొచ్చి కిటికీలోంచి చెప్పారు. తాళం పగలగొట్టండని ఏడ్చాను. "ఇంకొకని ఇంటి తాళం మేమెట్ల పలగ్గొడతం బిడ్డా" అని వెళ్ళిపోయారు. గిర్నీకి కబురు పోయింది, ఆయన పని వదిలి రాలేదు. పొద్దుగూకి వచ్చేసరికి అక్కడ మట్టి చేయడం అయిపోయింది. అడిగినవాళ్ళందరికీ లీయాకు జ్వరమని చెప్పాడు.

అదంతా ఆ కాగితంలో ఉంది. జాకెట్టు పక్కకు జరిపి నీకు చూపించిన దెబ్బలు కూడా ఉన్నాయి. దావా వేస్తే ఇదంతా కోర్టులో అందరి ముందూ చదువుతారని వకీలుగారు అనగానే నేను లేచి వచ్చేశాను. కాగితం మీ బీరువాలో ఉండిపోయింది.

ఆయన ఇప్పుడు ఆ మనిషి కాదని నీకూ తెలుసు. మా సంఘానికి పెద్ద. పిల్లలు తండ్రి భుజం దిగరు. నేను వకీలు గడప తొక్కిన సంగతి ఆయనకు ఈనాటికీ తెలియదు. ఆ కాగితం ఎవరి చేతిలోనూ పడకూడదు అక్కా. నీ చేత్తో నువ్వే కాల్చు. కాల్చాక నాకొక ముక్క రాయి.

లీయా

*

బీదర్,
జులై 1971

లీయా,

నీ ఉత్తరం వచ్చిన వారానికే వకీలుగారు వెళ్ళిపోయారు. ఆఫీసు గదిలో ఆయన కుర్చీ ఖాళీగా ఉంటే దాని ముందు నుంచి నడవడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. కోర్టు పక్కన అర్జీలు రాసే చోట నాకూ టైపు మిషనుకూ ఒక మూల చోటు దొరికేలా ఉంది. నా సంగతి వదిలెయ్.

పోయే ముందు ఆయన నన్నూ, ఉర్దూ కాగితాలు రాసే ముసలి మున్షీ గఫూర్ సాబ్‌నూ మంచం దగ్గరికి పిలిచారు. "నాతోటి చెప్పుకున్నయి నాతోటే పోవాలె. ఒక్క ముక్క గూడ రద్దీ కాయితాలల్ల పడొద్దు. అన్ని కాల్చుండ్రి" అన్నారు. ఇంతకుముందు ఈ ఊళ్ళోనే ఇంకో వకీలు పోతే కొడుకు కాగితాలన్నీ తూకానికి అమ్ముకున్నాడు. బజారులో పుట్నాల పొట్లం విప్పిన ఒకాయనకు లోపల తన పక్కింటాయన వీలునామా కనిపించింది. బతికున్న మనిషి వీలునామా! ఆ ఇంట్లో అన్నదమ్ములు ఇప్పటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మా దగ్గరికొచ్చినవాళ్ళకు అటువంటి గతి పట్టకూడదన్నది పెద్దాయన పంతం.

అసలు దస్తావేజులు ఎవరివి వాళ్ళను పిలిచి ఇచ్చేశాం. మిగతా కాగితాలన్నిటి పనీ అయిపోయింది. నీది నా చేత్తోనే తీశాను. బూడిదైంది. ఇక ఆ మాట ఎత్తకు, నిశ్చింతగా ఉండు. మరిది అబ్బయ్యకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

మీ అక్క,
రిబ్కా

*

మంగళగి,
ఆగస్టు 1971

అక్కా,

నీ ఉత్తరం చదివి, చించి పొయ్యిలో వేసి, అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చాను. ఇన్నేళ్ళు ఆ కాగితం నా గుండెల మీద ఎంత బరువుగా ఉందో అది పోయాక తెలిసింది.

నీకొకటి చెప్పనా? ఆయన ఇప్పుడు ఇల్లు వదిలి పొలానికి పోతే తలుపు దగ్గరికి కూడా వేయడు. బార్లా తెరిచి పోతాడు. కుక్కలొచ్చి చల్ల కుండ ముట్టుకుంటున్నాయని నేనే తిడతాను. "ఉండనియ్యే, గాలి రావాలె గదా" అంటాడు. గిర్నీలో కాలు విరిగి మంచాన పడ్డప్పుడు నేను చేసిన చాకిరీ ఆయన్ను మార్చిందని అందరూ అంటారు. ఏది మార్చిందో నాకూ తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. క్షమించమని ఎన్నడూ అనలేదు.

ఒకసారి నాన్న మాట వచ్చింది. "ఆనాడు నీకు జరం ఉండె గదా, పాపం" అన్నాడు. మాట దాటేయడానికి అన్నాడేమోనని ముఖంలోకి చూశాను. కాదక్కా. ఆయన నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. అందరికీ చెప్పీ చెప్పీ తానే నమ్మేశాడు. ఉన్న కాపురం బాగుంది, దాన్ని ఎందుకు కెలకాలి?

నువ్వు చేసిన మేలు మరిచిపోను.

లీయా

*

బీదర్,
నవంబరు 1972

లీయా,

చాలా రోజులైంది నీకు రాసి. ఇక్కడ కరువు సంగతి చెప్పక్కర్లేదు, మీకూ అంతే. కోర్టుకు వచ్చేవాళ్ళు కూడా లేరు. తినడానికి లేనివాళ్ళు తగాదాలేం ఆడతారు! నా మిషను ఊరికే కూర్చుంది.

సర్కారువాళ్ళు కరువు పనులు పెట్టారు. రోడ్లకు కంకర కొట్టిస్తున్నారు. పాత బావుల్లో పూడిక తీయిస్తున్నారు. ఎండిపోయిన బావులన్నిటిలో మనుషులే. పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి గుడారాలు వేసుకున్నాయి.

మీ మంగళగి నుంచి కూడా ఎవరైనా వచ్చారా ఈ పనులకు? మీ సంఘంవాళ్ళు? వస్తే పేర్లు రాయి. వాళ్ళకేమైనా కావాలంటే చూస్తాను, అందుకే అడుగుతున్నాను. అబ్బయ్య బీదర్ వస్తున్నాడా ఈ మధ్య? అతన్ని ఇప్పుడు రావద్దని చెప్పు. ఇక్కడ జబ్బులు ఎక్కువగా ఉన్నాయి.

వెంటనే జవాబు రాయి.

రిబ్కా

*

మంగళగి,
డిసెంబరు 1972

అక్కా,

నువ్వు అడిగినదానికి జవాబు. మా ఊరి నుంచి ఆ పనులకు గాలయ్య వచ్చాడు. మా గుడిలో గంట కొట్టేవాడు. బావి పూడికలో పెట్టె దొరికిందట. కాగితాలన్నీ ఉర్దూవీ కన్నడవీ ఉంటే, తెలుగుది ఒకటి కనబడిందని మేస్త్రీ ఇతని చేతికిచ్చాడు. గాలయ్యకు కూడబలుక్కుని చదవడం వచ్చు. అబ్బయ్య, లీయా, బగ్దల్ అని మూడు పేర్లు చదివి, అంతకు మించి చదవడం తప్పని మడిచి, భద్రంగా జేబులో పెట్టుకుని తెచ్చాడు. "మీ ఇంటి కాయితం అన్నా, పొలం కాయితమేమో" అని నా ఎదుటే ఆయన చేతికిచ్చాడు. మంచి చేశాననుకుని నా దగ్గర మజ్జిగ తాగి పోయాడు.

ఆయన వాకిట్లో నిలబడి చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నేను పొయ్యి ముందు నుంచి లేవలేదు.

నీ అక్షరాలు ఆయన గుర్తుపట్టాడు అక్కా. నా మాటలూ గుర్తుపట్టాడు.

నువ్వు బూడిద అన్నావు.

లీయా

*

బీదర్,
డిసెంబరు 1972

లీయా,

నేను కాల్చలేదు. నీకు అబద్ధం రాశాను. జరిగింది చెబుతాను, విని నన్ను ఎన్ని తిట్లైనా తిట్టు.

వకీలుగారి పెరట్లో మంట పెట్టాం. అది నిజం. గఫూర్ సాబ్ మొదటి కట్ట చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. నిజాం కాలం నుంచీ ఆయన ఏ కాగితం రాసినా పైన బిస్మిల్లాకు గుర్తుగా 786 అంకెలు వేయకుండా కలం కదపడు. "అల్లా పేరున్న కాయితం అగ్గిల నేనెట్ల ఏస్త బిడ్డా" అన్నాడు. సరే, మీవి పక్కన పెట్టండి, వకీలుగారివి వేద్దామన్నాను. వకీలుగారు ప్రతి కాగితం నెత్తినా శ్రీ రాసేవారు. వారి భార్య రాచమ్మగారు నా చెయ్యి పట్టేసుకుంది. "ఆయన పోయి దినాలు గూడ కాలే. ఆయన రాసిన శ్రీని మంటల పెడ్తవా రిబ్కమ్మా?" అని ఏడ్చింది. వాళ్ళిద్దరి చాదస్తం చూసి నేను లోలోపల నవ్వుకున్నాను.

తర్వాత నీ కాగితం చేతికొచ్చింది. పైన మూలన చిన్న సిలువ ఉంది. ఆ రోజు నువ్వు మాట్లాడలేక ఏడుస్తుంటే, ఏం చేయాలో తోచక నేను గీసిన సిలువ. దాన్ని మంట దాకా తీసుకుపోయాను. నా చెయ్యి కూడా ఆగింది.

దేవుడి పేరున్నవాటిని నీళ్ళకు అప్పగిస్తారని గఫూర్ సాబ్ చెప్పాడు. కోట గోడ అవతల ఎవరూ తోడుకోని పాత బావి ఉంది. నీళ్ళలో సిరా కరిగి, కాగితం నాని అదే పోతుంది కదా అనుకున్నాం. అట్లా ఊరికే పడేసినా పోయేది. కానీ పాచి అంటకూడదని ముగ్గురం కూర్చుని కట్టలన్నీ మైనపు గుడ్డలో చుట్టాం. పెట్టెలో సర్ది, మూత బిగించి, రాళ్ళు కట్టి దించాం. గఫూర్ సాబ్ దువా చేశాడు, నేను ప్రార్థన చేశాను, రాచమ్మగారు పూలు వేసింది. నాశనం చేయమని ఆయన చెబితే మేము సాగనంపి వచ్చాం.

ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాస్తూ, నీళ్ళైతేనేం నిప్పైతేనేం, పోయింది పోయినట్టేనని బూడిద అని రాశాను. నువ్వు ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నావు మరి.

పెట్టె బయటపడిందని తెలిసి పరుగెత్తాను. బావి గట్టు మీద కాగితాలు ఆరబెట్టి ఉన్నాయి. ఎవరో పంతులుగారు కన్నడంలోవి పైకి చదువుతుంటే జనం చుట్టూ చేరి నవ్వుతున్నారు. ఎవరి ఇంటి ఏడుపో అది. కొన్నిటితో ఆడవాళ్ళు అప్పటికే రొట్టెలు కాల్చుకున్నారు. మిగిలినవన్నీ లాక్కుని అక్కడే మంట పెట్టాను. బిస్మిల్లా కాలింది, శ్రీ కాలింది. ఈసారి చెయ్యి ఆగలేదు. ఆ ధైర్యం ముందే రావాల్సింది. నీది మాత్రం వాటిలో కనబడలేదు. అందుకే నీకు ఆ దొంగ ఉత్తరం రాశాను, ఎవరెవరు వచ్చారని.

పెద్దాయన నన్ను నమ్మారు, నువ్వు నన్ను నమ్మావు. ఇద్దరికీ ద్రోహం చేశాను. నేను బయలుదేరి రానా? అబ్బయ్య కాళ్ళ మీద పడమంటే పడతాను.

రిబ్కా

*

మంగళగి,
జనవరి 1973

అక్కా,

రావద్దు. నువ్వొస్తే ఎందుకొచ్చావని ఊరు అడుగుతుంది.

నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. కానీ ఇప్పుడు దానికి తీరిక లేదు. ఆయన తిండి మానేశాడు. పొలం పోయి వట్టి చేల గట్టు మీద కూర్చుంటున్నాడు. నిన్న నన్ను పిలిచి ఎదుట కూర్చోబెట్టుకున్నాడు.

"తాళం ఏసిన మాట యాదికొచ్చింది. కొట్టిన మాట గూడ యాదికొచ్చింది. మరిశిపోయి బతికిన, గందుకే మంచోన్ననుకున్న. గని లీయా, మీ నాయినను మట్టి చేసిననాడు నీకు జరం ఉండె గదా? గదొక్కటి జెప్పు" అన్నాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. దాన్నే జవాబని తీసుకున్నాడు. రెండు చేతుల్లో తల పెట్టుకుని గుక్కపట్టి ఏడ్చాడు. ఇన్నేళ్ళు ఆయన ఏడవాలని కోరుకున్నదాన్ని, చూడలేకపోయాను.

అసలు భయం అది కాదు. వచ్చే ఆదివారం గుడిలో లేచి సాక్ష్యం చెబుతానంటున్నాడు. మా సంఘంలో పాపం ఒప్పుకునేవాళ్ళు అట్లాగే అందరి ముందూ నిలబడి చెప్పుకుంటారు, నీకు తెలుసు. "పెద్దనైనంక దాస్తే ఎట్ల? ఈ కాయితం మొత్తం చదివి ఒప్పుకుంట" అంటున్నాడు. వద్దని బతిమాలాను. ఆయన మనసులో కల్మషం లేదు. అందుకే ఆయన్ను ఆపడం నా వల్ల కావడం లేదు.

కోర్టులో చదువుతారని దావా మానుకున్నాను. ఇప్పుడు గుడిలో చదివించుకోనా, నా పిల్లల ముందు? ఒప్పుకునేది ఆయనే, ఆయనకు బరువు దిగుతుంది. ఒంటి మీద బట్ట లేకుండా నిలబడేది మాత్రం నేను. ఏం చేయమంటావో వెంటనే రాయి.

లీయా

*

బీదర్,
జనవరి 1973

లీయా,

నీకు సలహా చెప్పే ముఖం నాకు లేదు. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

అతన్ని ఒప్పుకోనివ్వు, కానీ సంఘం ముందు కాదు. దెబ్బలు తిన్నది సంఘం కాదు, నువ్వు. బగ్దల్‌కు తీసుకుపో. మీ నాన్న సమాధి దగ్గర నిలబెట్టు. అక్కడ, నీ ఎదుట, చెప్పుకోమను. ఆ కాగితం అక్కడే మీ ఇద్దరూ కలిసి కాల్చండి. దాన్ని మూడో మనిషి వినాల్సిన పని లేదు. నేను కూడా.

అతను ఏడిస్తే ఏడవనివ్వు. ఓదార్చడానికి తొందరపడకు. నీ సంగతి నాకు తెలుసు.

రిబ్కా

*

మంగళగి,
నవంబరు 1973

అక్కా,

నువ్వు రాసిన ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. మన రాష్ట్రానికి కర్ణాటక అని పేరు మార్చారని బడిలో పిల్లలకు పిప్పరమెంట్లు పంచారు. ఇంట్లో అందరం చప్పరిస్తూ కూర్చున్నాం. ఎందుకో నీకు రాయాలనిపించింది.

బగ్దల్ పొమ్మని నువ్వు రాసిన ఉత్తరం నాకు సోమవారం అందింది. అప్పటికే ఆదివారం అయిపోయింది.

శనివారం సాయంత్రం ఆయన ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకోవడం చూశాను. ఇంక ఆగలేకపోయాను. "అది అబద్ధం" అన్నాను. "దావా గెలవాలంటే ఎక్కువ జేసి చెప్పాలని ఎవరో అన్నరు, చెప్పిన. నాయినను మట్టి చేసిననాడు నాకు జరమే ఉండె."

"మరి తాళం?" అన్నాడు. "ఒకటి రెండుసార్లు ఏసినవ్, దొంగల భయానికి" అన్నాను. "నాకు యాదికొచ్చినయి మరి?" అన్నాడు. "కాయితం చదివినవ్ గాబట్టి అట్ల అనిపిస్తాంది" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చాయో అక్కా ఆ మాటలు, వెతుక్కోకుండానే వచ్చాయి.

ఆయన ముఖంలోకి ప్రాణం తిరిగి రావడం చూశాను. నన్ను ఒక్క మాట అనలేదు. లేచి కాగితం పొయ్యిలో పెట్టాడు. సిలువ ఉందని ఆగలేదు, చూడనేలేదు. ఆ పూట కడుపు నిండా తిన్నాడు. మీరు ముగ్గురు పెద్దవాళ్ళు చేయలేని పని నేను ఒక్క మాటతో చేశాను. అబద్ధమని నేనే చెప్పాక ఆ కాగితం ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

ఇక గుడిలో లేవడనుకున్నాను. లేచాడు. "నా ఇంటామె తెలిసీ తెలవని వయసుల నా మీద లేనిపోనివి చెప్పి వకీలు దగ్గర రాయించింది. నాకు ఇప్పుడు ఎరికైంది. ప్రభువు నన్ను క్షమించిండు గాబట్టి నేను ఆమెను క్షమించిన" అన్నాడు. నిజంగానే క్షమించాడు, దానిలో నటన లేదు. సంఘమంతా ఆమెన్ అంది. బయటికొచ్చాక ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని, "ఎసువంటి మొగడు దొరికిండు లీయమ్మా, పెట్టి పుట్టినవ్" అన్నారు. నా పెద్దపిల్ల మాత్రం నాతో సరిగా మాట్లాడడం లేదు. నాన్న మీద అట్లా ఎందుకు రాయించావని ఒకసారి అడిగింది.

ఆయన నన్ను బాగా చూసుకుంటున్నాడు. ముందుకంటే బాగా చూసుకుంటున్నాడు. నేనేమీ నొచ్చుకోకూడదని కూరలో ఉప్పు లేకపోయినా అనడు. ఆయన మంచివాడన్నది అబద్ధం కాదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.

పోయిన నెల బగ్దల్ పోయాం. నాన్న సమాధి మీద గడ్డి పీకి, బంతిపూలు పెట్టి, ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "పాపం, ఆనాడు జరం రాకుంటే కడసారి చూసుకుంటుంటివి" అన్నాడు. నాన్న ఎదుట, అక్కా. నేను అవునని తల ఊపాను.

నా సంగతి రాసిన కాగితాన్ని కాల్చెయ్యమన్నది నేనే. ఈ ఉత్తరం మాత్రం కాల్చకు. ఆ రోజు నాకు జ్వరం లేదని ఎక్కడో ఒక చోట రాసి ఉండాలి.

నీ చెల్లెలు,
లీయా